మామూలే అంటే ఎంత

ఆ వానాకాలమంతా మేం కాగితాలకు ఇస్త్రీ చేశాం.

మా గది ఆస్పత్రి వెనక, మందుల గోడౌనుకూ జనరేటరు షెడ్డుకూ మధ్య. పైకప్పు కారేది కాదు గానీ గోడలు చెమ్మ పీల్చుకునేవి. సాయంత్రం బీరువాలో పెట్టిన ఫారాలు పొద్దుటికి మెత్తబడి ఒకదాన్నొకటి అంటుకునేవి. మా చెల్లెలి దగ్గర పాత ఇస్త్రీపెట్టె ఒకటి అడిగి తెచ్చాను. కాగితం మీద పల్చటి బట్ట పరిచి, ఒక్కోదాన్నీ ఆరబెట్టి, అప్పుడు చదివేవాళ్లం. చదివి, అందులోని మాటలకు అంకెలు వెయ్యడం మా ఉద్యోగం.

పరిశోధన పెద్ద డాక్టరమ్మది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది కొంతమందికి బయట పెరుగుతుంది. అండాశయాల మీద, గొట్టాల మీద, పేగుల మీద ఎక్కడపడితే అక్కడ. నెలనెలా అదీ ఉబ్బుతుంది, రక్తం కారుస్తుంది. ఆ రక్తానికి బయటికి పోయే దారి ఉండదు. అక్కడే పేరుకుని, పక్కనున్న వాటినన్నిటినీ జిగురేసినట్టు అతికించేస్తుంది. ఎండోమెట్రియోసిస్ అంటారు. పిల్లలు పుట్టడం లేదని తిరిగేవాళ్లలో చాలామందికి ఇది ఉంటుందనీ, ఏళ్లు గడిచినా ఎవరూ పట్టుకోరనీ డాక్టరమ్మ అనేది. నొప్పిని ముందే లెక్కలోకి తీసుకుంటే కొందరికైనా దారి దొరుకుతుందేమో చూడాలని ఆవిడ పట్టుదల.

పిల్లలు లేని మూడు వందల పన్నెండు మంది ఆడవాళ్లను పిలిచారు. ఒక సిస్టర్ ఎదురుగా కూర్చుని ఇరవై నాలుగు ప్రశ్నలు అడిగేది. వాళ్లు ఏ మాట అంటే ఆ మాటే రాసేది. దాన్ని మేం సున్నా నుంచి పది దాకా ఒక అంకెగా మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం తొమ్మిదో ప్రశ్న: నెలసరి రోజుల్లో నొప్పి ఎలా ఉంటుంది? అక్కడ ఆరు, ఆ పైన వస్తే మొదటి జాబితా. వాళ్లకు వెంటనే స్కానింగు, అవసరమైతే పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటం, ఆ పొరలు కనబడితే అప్పుడే తీసెయ్యడం. ఆరు లోపు వస్తే రెండో జాబితా. వాళ్లను పోల్చి చూసుకోవడానికి పక్కన ఉంచి, వానలు వెలిశాక పిలుస్తారు.

నాతోపాటు ఆ గదిలో పనిచేసేది పోస్టుమాస్టరుగారు. పోస్టాఫీసులో రిటైరయ్యి, ఇంట్లో ఊరికే కూర్చోలేక వచ్చి చేరాడు. సిస్టర్ రాత కోడి కెలికినట్టుండేది. దాన్ని చదవగలిగినవాడు ఆయన ఒక్కడే. ప్రతి ఫారాన్నీ ఇద్దరం విడివిడిగా చదివి అంకెలు వేసి, తర్వాత పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకునేవాళ్లం. తేడా వస్తే నియమాల పుస్తకం చూడాలి. ఆ పుస్తకం రాసేది నేను. నా దస్తూరీ బాగుంటుందని ఇచ్చారు, అంతకంటే పెద్ద అర్హతేమీ లేదు.

మూడో రోజో నాలుగో రోజో, ఒక ఫారం దగ్గర నేను సున్నా వేశాను, ఆయన ప్రశ్నార్థకం వేశాడు.

"అంకె వెయ్యమంటే కొక్కెం తగిలించారేంటండీ?" అన్నాను.

"ఈవిడ 'మామూలే' అందమ్మా. మామూలే అంటే ఎంత?"

"మామూలే అంటే మామూలే. అందరికీ ఉండేదే. సున్నా."

"అందరికీ ఉంటే సున్నా ఎలా అవుద్ది?"

"అబ్బ, పోస్టుమాస్టరుగారూ. ఏమీ లేదని చెప్పడానికే అలా అంటారు."

ఆయన కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "ముప్ఫై నాలుగేళ్లు ఉత్తరాలు చూశాను. చదవకూడదు, నిజమే. కానీ కార్డు మీద రాసింది కళ్లు మూసుకుని పంచలేం కదా. 'ఇక్కడ అంతా మామూలే' అని రాసిన ఇంటినుంచే వారం తిరక్కుండా టెలిగ్రాం వచ్చేది. ఆ మాట చూస్తే నాకు భయం."

"మీకేం తెలుసండీ, నెలసరి సంగతి?" అన్నాను.

పాపం, ఆయన మొహం ఎర్రబడింది. "అదీ నిజమే. నాకేం తెలుసు" అని రబ్బరు తీసుకుని కొక్కెం చెరిపేసి సున్నా వేశాడు. నేను నియమాల పుస్తకం మొదటి పేజీలో గుండ్రంగా రాశాను: మామూలే, మామూలుగానే, పెద్దగా ఏం లేదు: 0. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి మిగతా నియమాలతోపాటు దాని కిందా సంతకం పెట్టి వెళ్లిపోయింది. నేను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. ఆ రోజు ఆ మూడు కాళ్లూ చూసుకుని మురిసిపోయాను కూడా.

నాకంత నమ్మకం ఎందుకంటే అది మా అమ్మ మాట. మా ఇంట్లో ఆడవాళ్ల ఒంటి సంగతి ఏదైనా ఆ మాటతోనే మొదలై ఆ మాటతోనే అయిపోయేది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అనేది అమ్మ. నాకూ నెలకు రెండు రోజులు కళ్లు బైర్లు కమ్మేవి. పళ్లు బిగించుకుని బస్సెక్కేదాన్ని. దాన్ని నొప్పి అనాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

పెళ్లీ పెటాకులూ లేని దాన్ని, చెల్లెలింట్లోనే మేడమీద గదిలో ఉండేదాన్ని. చెల్లి ఒక డ్రైక్లీనింగు షాపులో ఇస్త్రీ చేసేది. కోట్లు, యూనిఫారాలు, డాక్టర్ల తెల్లగౌన్లు. దాని చేతిలో పడ్డ మడత విప్పాలంటే మనసొప్పేది కాదు. మా మరిది కారు నడపడం నేర్పేవాడు. వీధిలో అందరూ బ్రేకుల మాస్టారు అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా సరే, ఎవరైనా గబగబా మాట్లాడితే చాలు, ఆయన కుడికాలు నేలను నొక్కేది.

వాళ్ల పెళ్లయి ఆరేళ్లు. పిల్లలు లేరు. మూడేళ్ల కిందట ఒక చిన్న క్లినిక్కులో చూపించుకుంటే అంతా బాగానే ఉందన్నారు. అప్పటినుంచీ ఆ బాగానే ఉండటాన్ని మోస్తూ తిరుగుతున్నారు. పరిశోధనలో పేరు రాయించుకోమని చెల్లికి చెప్పింది నేనే.

"ప్రశ్నలడిగితే పిల్లలు పుడతారా అక్కా?" అంది, భోజనాల దగ్గర.

"వెళ్లి చెప్పిరావే. నీదేం పోయింది?"

"వదినా, మీ దగ్గర తప్పులు జరగవా? అన్ని కాగితాలు కదా" అన్నాడు మాస్టారు.

"ఒక్కో కాగితం ఇద్దరం చదువుతాం. ఒకరు పొరపాటు పడితే ఇంకొకరు ఆపుతారు."

ఆయన మొహం విప్పారింది. "మా కారులో ఉన్నట్టే. నేర్చుకునేవాడి దగ్గరొక బ్రేకు, నా దగ్గరొక బ్రేకు. అయితే భయం లేదు. వెళ్లు నువ్వు" అన్నాడు చెల్లితో.

అది మంగళవారం వెళ్లి వచ్చింది. ఏమడిగారంటే ఏవేవో అడిగారంది. అన్నీ సరిగ్గా చెప్పావా అంటే, వెనక ముప్ఫై మంది నిలబడి ఉన్నారు, అడిగినవాటికి చెప్పి వచ్చేశానంది. ఫారం మీద పేరుండదు, నంబరే. రాసేది సిస్టర్ కాబట్టి చేతిరాత చూసి పోల్చుకునే వీలూ లేదు. దాని ఫారం నా చేతి కిందనుంచి ఏ రోజు పోయిందో నాకు తెలీదు. ఆ వారం రోజుకు పాతిక చొప్పున చేశాం. ఇస్త్రీపెట్టె బాగా పనిచేస్తోందని పోస్టుమాస్టరుగారు మెచ్చుకోవడం గుర్తుంది.

నెల తిరిగేసరికి మొదటి జాబితా తయారైంది. ఎనభై తొమ్మిది మందికి పిలుపులు వెళ్లాయి. చెల్లికి రాలేదు.

నేను ఆగలేకపోయాను. మధ్యాహ్నం భోజనం విరామంలో గొడుగేసుకుని దాని షాపుకు వెళ్లాను. వెనక గదిలో ఆవిరి మధ్య నిలబడి ఏదో కోటు భుజం సరిచేస్తోంది.

"నీకా జబ్బు లేదే" అన్నాను.

ఇస్త్రీపెట్టెను నిలబెట్టి నా వంక చూసింది. "ఎవరన్నారు?"

"పిలుపులు వెళ్లాయి. నీకు రాలేదు. అంటే లేదన్నమాటేగా."

అలా అనకూడదని నాకు తెలుసు. రెండో జాబితా అంటే జబ్బు లేనివాళ్ల జాబితా కాదు, నొప్పి తక్కువన్నవాళ్ల జాబితా. నొప్పి తక్కువున్నవాళ్లకూ లోపల చాలా ఉండొచ్చని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. కానీ దానికి ఒక మంచి కబురు చెప్పాలని నా ఆత్రం.

"మరైతే ఇదేంటక్కా?" అంది.

"ఏది?"

పక్కనున్న తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించి, వేడెక్కాక తీసి చీర కుచ్చిళ్ల దగ్గర పొట్టకు దోపుకుంది. ఒక నిమిషం బల్లను పట్టుకుని నిలబడింది. పెదవులు తెల్లగా అయ్యాయి.

"ఏం లేదులే" అంది.

నేను చూడలేదని చెప్పుకుంటే బాగుండును. చూశాను. చూసి, "వానలకి అలాగే ఉంటుంది, మామూలే" అని, గొడుగు దులుపుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం మాస్టారు ఐస్‌క్రీం డబ్బా తెచ్చాడు. జబ్బు లేదంటే ఇవాళ కాకపోతే రేపు అని ఆయన లెక్క. మెట్ల కింద చిన్న గదిలో పాత టైర్లు పడేసి ఉండేవి. మర్నాడు వాటిని ఒక్కడే బయటికి దొర్లించి, గది కడిగి, గోడలకు లేత రంగు వేశాడు. చెమ్మకు ఆ రంగు వారం దాకా ఆరలేదు. చెల్లి రోజూ వేలితో తాకి చూసి, వేలు చీరకు తుడుచుకునేది.

మరో నెలన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం షాపు యజమాని ఆస్పత్రికి ఫోను చేశాడు. మీ చెల్లి కింద పడిపోయింది, ఇస్త్రీపెట్టె మీద పడలేదు గానీ లేవడం లేదు, ఆటోలో పంపిస్తున్నాను అన్నాడు. వానలో గేటు దాకా పరిగెత్తాను. దిగేటప్పుడు అది రెండుగా ముడుచుకుపోయి ఉంది. ఒక చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని ఉంది.

ఆపరేషనుకు గౌను తొడగమని నన్నే తెర లోపలికి పంపారు. చీర తీశాక దాని పొట్ట చూశాను. బొడ్డు కిందనుంచి వల పరిచినట్టు గోధుమరంగు మచ్చలు, ఒకదాంట్లోంచి ఒకటి అల్లుకుని ఉన్నాయి.

"ఇవి కాపడం మచ్చలు. ఏళ్ల తరబడి వేడి పెట్టుకుంటే ఇలా పడతాయి. ఎన్నాళ్లనుంచి?" అంది వార్డు సిస్టర్.

చెల్లి నా వంక చూసింది. నాకు జవాబు తెలీదు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే పళ్లెంలో తిని పెరిగాం, నాకు తెలీదు.

మూడు గంటల తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది. మాస్టారు కారు నేర్పుతున్న మనిషిని నడిరోడ్డు మీద దింపేసి వచ్చాడు. బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"రెండు అండాశయాల్లోనూ సిస్టులు, అంటే తిత్తులు, ఉన్నాయి. చాక్లెట్ సిస్టులంటాం. పాత రక్తం నిలవుండి ఆ రంగులోకి వస్తుంది. ఎడమవైపుది పగిలింది."

"చాక్లెట్టా?" అన్నాడు మాస్టారు. "ఎంత మంచి పేరు పెట్టారండీ."

"ఎడమ అండాశయం తీసెయ్యాల్సొచ్చింది. కుడివైపుది సగానికి పైగా పోయింది. గొట్టాలు రెండూ పేగులకు అతుక్కుని ఉన్నాయి. అమ్మాయి ప్రాణానికి భయం లేదు."

ఆయన కుడికాలు నేలను నొక్కుతోంది. ఆవిడ మెల్లగానే చెబుతోంది, అయినా నొక్కుతూనే ఉన్నాడు.

"పిల్లలు?"

"ఇక లేనే లేదని నేను ఎవరికీ చెప్పను. ఆశ పెట్టుకోమని మీకు చెప్పలేను. టెస్ట్‌ట్యూబ్ లాంటి బయటి పద్ధతుల్లో ప్రయత్నించాలన్నా ముందు అండాలు ఉండాలి కదా."

ఆయన తలూపాడు. నా వైపు తిరిగి, "మీరిక్కడ పనిచెయ్యబట్టి ప్రాణంతో బయటపడింది వదినా. ఇంకెక్కడికైనా తీసుకెళ్లుంటే ఏమయ్యేదో" అన్నాడు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ మా గదికి వచ్చింది. "మీ చెల్లి మన పరిశోధనలో ఉంది. రెండో జాబితాలో ఎలా పడిందో చూడాలి. నంబరు నూట ఎనభై ఏడు" అంది.

పోస్టుమాస్టరుగారు బీరువా తెరిచి కట్ట విప్పాడు. ఆ ఫారం ఇస్త్రీకి నీటుగా ఉంది, ఒక్క ముడత లేదు. తొమ్మిదో ప్రశ్న ఎదురుగా కోడి కెలికిన రాతలో ఒకే మాట. పక్కన నా సున్నా, దాని పక్కన ఆయన సున్నా. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, తన కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు. నేను ఒకసారి నియమాల పుస్తకం వంక చూసి ఆయన వంక చూశాను. ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నాడు. ఏదో ఒకటి అని ఉంటే తేలిగ్గా ఉండేది.

"మామూలే అంటే సున్నా అని ఎవరు పెట్టారు?" అంది డాక్టరమ్మ.

"నేనే."

"ఎందుకు?"

నియమాల పుస్తకం ఆవిడ వైపు జరిపాను. ఆవిడ మొదటి పేజీ తీసి, కింద ఉన్న తన సంతకం మీద వేలు పెట్టింది. "నేనూ చదవకుండానే పెట్టాను" అంది.

"మొదటి జాబితాలో పడుంటే? నెలన్నర ముందే లోపల చూసుంటే?" అని అడిగాను.

"ఒకవైపుది దక్కేదేమో. దక్కేది కాదేమో. నాకు తెలీదమ్మా. తెలుసని చెబితే అబద్ధమవుతుంది."

ఔననో కాదనో అని ఉంటే, ఏదో ఒకదాన్ని పట్టుకుని ఏడ్చేదాన్ని.

అలాంటి ఫారాలు ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాం. చెల్లిది కాక యాభై రెండు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కానీ మిగతావాళ్ల చేతులు ఇంకా కాలలేదేమో అన్నాడు పోస్టుమాస్టరుగారు. ఒక్కొక్కరికీ ఫోను చెయ్యడం మొదలుపెట్టాం. మొదటి ఆవిడ విసుక్కుంది.

"మామూలే అని చెప్పానుగా. మళ్లీ ఎందుకు?"

"మామూలే అంటే ఎంతండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ రోజుల్లో నిలబడి పని చేసుకోగలరా?"

అటు ఎవరినో పక్క గదిలోకి పొమ్మని, తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత, "గోడ పట్టుకుని నిలబడతానమ్మా. ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అంది.

ముప్ఫై మంది దాకా వచ్చారు. వాళ్లలో పందొమ్మిది మందికి లోపల ఆ పొరలున్నాయి. రానివాళ్లు మామూలే అని ఫోను పెట్టేశారు. వాళ్లని ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు.

చెల్లికి మూడో రోజు చెప్పాను. వార్డులో కిటికీ పక్క మంచం. మాస్టారు మందులు తేవడానికి వెళ్లాడు. దాచుకోవచ్చు. దాచుకుంటే మా అమ్మ కూతుర్నే అవుతాను.

"నీ ఫారం చదివింది నేనే" అన్నాను.

"ఎంత వేశావు?" అంది. పైకప్పు వంక చూస్తోంది.

"సున్నా."

లెక్క చూసుకుంటున్నట్టు కళ్లు మూసుకుంది. "సిస్టర్ అడిగితే ఏం చెప్పాలో తెలీలేదక్కా. ఎంత అని చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఉన్నదొక్కటే."

నేను దాని చెయ్యి పట్టుకోబోయాను. సెలైను సూది ఉన్న చెయ్యి, పట్టుకోలేకపోయాను.

"గుర్తుందా, అమ్మ పోయిన ఏడాది? నాకు పదమూడు. బాత్రూములో నేల మీద పడుకుని గోడను తన్నుతుంటే నువ్వొచ్చావు. నా నోటి మీద చెయ్యి పెట్టి, 'ఊరుకో, మామూలే, అందరికీ ఉండేదే. ఎవరైనా అడిగితే మామూలే అను' అన్నావు." గొంతులో కోపం లేదు. "నువ్వు చెప్పిందే చెప్పాను కదా, మరి నీకెందుకు అర్థం కాలేదు?"

ఆ బాత్రూము నాకు గుర్తుంది. నా వయసప్పుడు పందొమ్మిది. పక్కవాటాలోవాళ్లు వింటారని నా భయం. అరచేతి కింద దాని పళ్లు తగలడం కూడా గుర్తుంది.

మాస్టారి అడుగులు వినిపించాయి. "ఆయనకు చెప్పకు" అంది చెల్లి. "ఆయనకి నువ్వంటే గురి. ఇంట్లో ఆ ఒక్కటైనా ఉండనీ."

అందుకే ఆయనకు ఇప్పటికీ తెలీదు. ఈ కథ ఆయన చదవడు. ఆయన చదివేది రోడ్డు మీద బోర్డులే.

ఇంటికి తెచ్చుకున్నాం. లోపల మిగిలిన పొరలు మళ్లీ పెరగకుండా మందులు రాశారు. వాటితో నెలసరి ఆగిపోతుంది. మాస్టారు మెట్ల కింద గదిలోకి టైర్లను ఒక్కొక్కటే మళ్లీ దొర్లించుకుంటూ వచ్చాడు. లేత రంగు గోడకు నల్లటి గుండ్రాలు పడ్డాయి. ఆ పని ఆయన మధ్యాహ్నం, చెల్లి పడుకున్నప్పుడు చేశాడు. తలుపు వేసి గడియ పెట్టేదాకా నేను మెట్ల మీదే కూర్చున్నాను, సాయం పట్టమని ఆయన అడగలేదు.

చెల్లి ఆ తర్వాత ఆ మాట అనలేదు. ఇంట్లో ఎవరు ఎలా ఉన్నావని అడిగినా అంకె చెప్పేది. పొద్దున ఎలా ఉందే అంటే "ఏడు." కుట్లు లాగుతున్నాయా అంటే "నాలుగు." మాస్టారికి మొదట నవ్వొచ్చేది, తర్వాత అలవాటైంది. "ఇవాళ ఐదట వదినా, నిన్నటికంటే మేలు" అని నాకు మేడమీదికి కబురు తెచ్చేవాడు. నాకు ఆ అంకెలు వినడం శిక్షలాగే ఉండేది. అది నన్ను శిక్షిస్తోందో, కొత్త భాష నేర్చుకుంటోందో తెలిసేది కాదు. ఒకరోజు పక్కింటావిడ వచ్చి, ఎలా ఉన్నావమ్మా అని పరామర్శిస్తే "ఆరున్నర" అంది. చెల్లి టైము చెప్పిందనుకుని ఆవిడ గడియారం వంక చూసింది. ముగ్గురం నవ్వాం. నవ్వితే కుట్లు లాగుతాయి కాబట్టి చెల్లి పొట్ట పట్టుకుని నవ్వింది.

వానలు వెలిశాయి. గదిలో కాగితాలు వాటంతటవే ఆరడం మొదలుపెట్టాయి. నియమాల పుస్తకం మొదటి పేజీలో ఆ సున్నా కొట్టేసి, 'మళ్లీ అడగాలి' అని రాశాను. పోస్టుమాస్టరుగారు దాని కింద తన సంతకం కూడా పెట్టాడు, ఎవరూ పెట్టమనకపోయినా. ఇక అవసరం లేదని ఇస్త్రీపెట్టెను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. చెల్లి మళ్లీ షాపుకు వెళ్లడం మొదలుపెట్టి నాలుగు రోజులు. ముందుగదిలో కూర్చుని మాస్టారి చొక్కాలు మడతపెడుతోంది. ఆయన పక్కనే, కాళ్లు చాపుకుని.

"ఎలా ఉందే ఇవాళ?" అన్నాను.

చొక్కా చేతులు వెనక్కి మడిచి, కాలరు సరిచేసి, వరసలో పెట్టింది.

"సున్నా" అంది.

మాస్టారు లేచి కూర్చున్నాడు. "విన్నారా వదినా? సున్నా అంట. ఇన్నాళ్లకు." ఆయన మొహం నిండా నవ్వు. నిజమే, మందులు పనిచేశాయి. నొప్పి లేదు, నెలసరి లేదు, ఇంకేమీ రాబోవడమూ లేదు. అన్నీ కలిపితే ఆ అంకె సరిగ్గానే వస్తుంది.

చెల్లి తలెత్తి నా వంక చూసింది. ఆ చూపు ఇంకొక క్షణం ఉంటే బాగుండేది, లేదా అసలే లేకపోయినా బాగుండేది. మళ్లీ చొక్కాల్లోకి తల దించుకుంది.

ఇస్త్రీపెట్టె దాని పక్కన బల్ల మీద పెట్టాను. తీగను దాని చుట్టూ చుట్టాను, విప్పి మళ్లీ చుట్టాను. సున్నా అంటే ఎంతే, అని అడగాలి. అడగాల్సింది నేనే, ఇంకెవరికీ తెలీదు. ఏ మొహం పెట్టుకుని అడగను.